తిరిగే కెమెరా, మూడేళ్ల తర్వాత: కెమెరా మంచిదే, ముంచింది తీగ

ముందే చెబుతున్నా, ఇది సగం కెమెరా గురించి, సగం దానికి వేసిన తీగ గురించి. ఆ తీగ మీద నాకింకా కోపం తగ్గలేదు. ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత దూరం కనిపిస్తుంది అన్న సంగతులు డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

మా బిల్డింగ్ భీమవరంలో, ఉండి అనే ఊరికి పోయే రోడ్డు వైపు ఉంది. కింద మా రొయ్యల మేత, మందుల కొట్టు, పక్కన రెండు అద్దె షాపులు, పైన ట్యూషన్ సెంటర్. వెనక గోడౌన్, దాని ముందు ఖాళీ స్థలం, ఆ చివర పంట బోదె. మేముండేది వీరవాసరంలో. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికెళ్లాక ఇక్కడ ఏం జరుగుతోందో తెలియక టెన్షన్ ఉండేది. 2023 ఫిబ్రవరిలో రెండు పీటీజెడ్ కెమెరాలు, అంటే ఫోన్లోంచే పక్కలకీ పైకీ కిందికీ తిప్పి జూమ్ చేసుకునేవి, బిగించాం, రోడ్డు వైపు మూలకి ఒకటి, గోడౌన్ వైపు ఒకటి.

మొదటి ఆరు నెలలూ కనిపించిన ప్రతివాళ్లకీ దాని గొప్ప చెప్పాను. ఒక తెల్లవారుజామున మేత లారీ వచ్చింది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్లో కెమెరా తిప్పి, జూమ్ చేసి, దిగుతున్న బస్తాల మీద నంబరు చదివాను. రెండో నంబరు మేత రావాల్సి ఉంటే మూడో నంబరు దిగుతోంది. అక్కడికక్కడే ఫోన్ చేసి ఆపించాను. అంత దూరం నుంచి బస్తా మీద అక్షరం చదవగలగడం మామూలు విషయం కాదు. అవతల పారేసినా ఖర్చు వచ్చేసిందనుకున్నాను ఆ రోజు.

ఆగస్టులో వానలు పట్టుకున్నాక కథ మొదలైంది. వెనక కెమెరా ఉన్నట్టుండి ఆగిపోయేది, రెండు మూడు నిమిషాలకి మళ్లీ వచ్చేది. వచ్చేటప్పుడు తల గిర్రున ఒక చుట్టు తిరిగి, పైకీ కిందికీ చూసుకుని, తన చోటికి వచ్చి నిలబడేది. ఒక్కోసారి నిలబడీ నిలబడకముందే మళ్లీ ఆగిపోయేది. ఫోన్ తెరిస్తే నల్లటి చట్రం, మధ్యలో తిరుగుతూ చిన్న గుండ్రం.

బిగించినతన్ని పిలిచాను. సాఫ్ట్‌వేర్ పాతదయిందని అప్‌డేట్ చేసి వెళ్లాడు. తగ్గలేదు. కెమెరాలోనే లోపం ఉందన్నాడు. వారంటీలో పంపి కొత్తది తెచ్చేసరికి 18 రోజులు పట్టింది. ఆ కొత్తది కూడా రెండో రోజే అదే పని చేసింది. తర్వాత కరెంటు చాలడం లేదని నెట్ తీగలోంచే కెమెరాకి కరెంటు కూడా పంపే పీవోఈ స్విచ్ మార్పించి, ఒక్కో పోర్టుకి 30 వాట్లు ఇచ్చేది పెట్టించాడు. అది నా ఖర్చే. వచ్చిన ప్రతిసారీ పగలే వచ్చేవాడు. పగలు చూస్తే అంతా బానే ఉండేది. "చూశారుగా సార్, సెట్ అయిపోయింది" అని వెళ్లేవాడు. సాయంత్రానికి మళ్లీ మామూలే.

సెప్టెంబరులో ఒక రాత్రి గోడౌన్ పక్కన పెట్టిన ఏరియేటర్ (చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రం) మోటార్లలో రెండు పోయాయి. అవి మావి కూడా కావు. మరమ్మతు చేయించమని రైతులు మమ్మల్ని నమ్మి ఇచ్చినవి. రికార్డింగ్ తీసి చూస్తే 7 గంటల 42 నిమిషాలకి కెమెరా ఆగింది. అప్పటికి గోడ వారన నాలుగు మోటార్లు వరసగా కనిపిస్తున్నాయి. 46కి తిరిగి వచ్చింది. అప్పటికి రెండే ఉన్నాయి. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రి ఎంతసేపు చూశానో నాకే తెలియదు. రైతులకి డబ్బు కట్టేశాను. వాళ్లు ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధనిపించింది.

అసలు సంగతి పట్టించింది మా పక్క సందులో బోదె గట్టు మీద టీ కొట్టు పెద్దాయన. ఒకరోజు టీ అందిస్తూ అన్నాడు: "పగలు బానే ఉంటాదండి. దీపాలెట్టే ఏళకే దానికి తల తిరుగుద్దండి. రోజూ చూత్తన్నాను."

రెండు నెలలుగా నేను గానీ బిగించినతను గానీ ఆలోచించని విషయం అది. చీకటి పడగానే, రాత్రి బొమ్మ కనిపించడానికి కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలుగుతాయి. పగలు ఊరికే చూస్తూ కూర్చుంటే దానికి పది వాట్లు కూడా అక్కర్లేదు. రాత్రి లైట్లు వెలిగి, అదే సమయంలో మోటారు తిరగాల్సి వస్తే 20 దాటుతుంది. స్విచ్ 30 ఇస్తున్నా తీగ దాన్ని అవతలి చివరికి చేర్చాలిగా.

మా ఊళ్లో పాతికేళ్లుగా కేబుల్ టీవీ తీగలు లాగుతున్న బాబాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన్ని తీసుకొచ్చాను. మెట్ల కింద తీగ వెతుక్కుంటూ పోయి, గోడౌన్ చూరు దగ్గర ఒక అతుకు పట్టుకున్నాడు. రెండు కేబుళ్లు మెలేసి నల్ల టేపు చుట్టారు. టేపు విప్పితే లోపల చెమ్మ. చొక్కా జేబులోంచి బ్లేడు తీసి ఒక తీగ మీద మెల్లగా గీకాడు. ఎర్రటి రంగు పొరలా లేచి, కింద తెల్లగా మెరిసింది. "ఇది రాగి కాదురా అబ్బాయ్. పైన పూత. లోనంతా అల్యూమినియం" అన్నాడు. కెమెరా దగ్గర కనెక్టర్ కోసి చూపించాడు, పిన్నుల దగ్గర తెల్లటి పొడి పట్టి ఉంది. మొదట్లో ఆరు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. వాన చెమ్మ దిగాక అతుకులో, కనెక్టర్‌లో పట్టు పోయింది.

మా వెనక కెమెరాకి తీగ 80 మీటర్ల పైనే ఉంటుంది. ఈ కేబుల్ ఏదైనా 100 మీటర్ల వరకే అంటారు, అదీ అసలైన రాగి తీగకి. రాగి పూత అల్యూమినియం కరెంటుకి పెట్టే అడ్డు రాగితో పోలిస్తే ఒకటిన్నర రెట్ల పైమాటే. కరెంటు దారిలోనే పోతుంది. పది అడుగుల దూరంలో మామూలు కెమెరాకైతే ఈ తేడా ఎప్పటికీ తెలియకపోవచ్చు. తిరిగే కెమెరాకి తెలుస్తుంది, అదీ రాత్రిపూట, మనకి అవసరమైన వేళకే.

బయట వాడే అసలు రాగి కేబుల్ తెచ్చి, పీవీసీ పైపులోంచి, మధ్యలో ఒక్క అతుకు కూడా లేకుండా లాగించాను. నవంబరు, దీపావళి వెళ్లిన వారం. పొద్దు గుంకేవేళ నేనూ బాబాయ్ కింద నిలబడి పైకి చూస్తున్నాం. లోపల 'టక్' మని చిన్న చప్పుడయింది, లెన్స్ చుట్టూ మసక ఎరుపు చుక్కలు వెలిగాయి. "ఇప్పుడు తిప్పు" అన్నాడు. ఫోన్లో ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాను, బోదె దాకా జూమ్ చేశాను. ఆగలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా దానంతట అది ఆగలేదు. వారంటీలో వెనక్కి పంపిన మొదటి కెమెరా గుర్తొచ్చినప్పుడల్లా పాపం అనిపిస్తుంది, దాని తప్పేం లేదు.

ఇక మొదట్లో నేను పొగిడినవాటి సంగతి. మనిషి వెంట తనంతట తాను తిరిగే ట్రాకింగ్ నాకు చాలా నచ్చింది. ఇప్పుడు రాత్రుళ్లు ఆపేశాను. కుక్క వెంట పోతుంది, లారీ లైటు వెంట పోతుంది, ఆ కాసేపు గేటు వైపు చూసే దిక్కుండదు. తిరిగే కెమెరా ఒకసారికి ఒక వైపే చూడగలదు. అందుకే గేటుకి, షట్టర్లకి కదలని కెమెరాలు నాలుగు విడిగా పెట్టాను. ముందే పెట్టి ఉంటే ఆ మోటార్లు ఎవరు తీసుకెళ్లారో తెలిసేది. జూమ్ పగలు అద్భుతం, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. రాత్రి హెడ్‌లైట్లు ఎదురైతే మాత్రం బండి నంబరు ప్లేటు తెల్లగా వెలిగిపోయి అంకె కనిపించదు. కెమెరా సెట్టింగుల్లో షట్టర్ వేగం పెంచితే అంకె వస్తుంది, చుట్టూ అంతా చీకటైపోతుంది.

కోతలకి ముందు పచ్చ దీపపు పురుగులు ముసిరే రోజుల్లో ఫ్లడ్ లైటు పక్కనున్న ముందు కెమెరాలో మంచు కురిసినట్టే ఉంటుంది. ఆ లైటు పది అడుగుల అవతలికి జరిపాక చాలావరకు తగ్గింది. సాలెగూళ్లు మాత్రం నెలకోసారి చీపురుతో దులపాల్సిందే.

నేను అనుకోని మంచి ఒకటి 2025 అక్టోబరు 28 రాత్రి చూశాను. మొంథా తుపాను నర్సాపురం వైపు తీరం దాటిన రాత్రి. కరెంటు పోయింది. స్విచ్, రికార్డర్, నెట్ బాక్స్ మూడూ యూపీఎస్ మీద ఉన్నాయి. ఆ గాలిలో బొమ్మ ఊగుతూనే ఉంది గానీ పోలేదు. గోడౌన్ రేకు ఒకటి లేవడం మొదలైతే ఇంటి నుంచే చూసి, వాన తెరిపివ్వగానే మనుషుల్ని పంపి, మేత బస్తాల మీద టార్పాలిన్ కప్పించాను. తెల్లారాక చూస్తే గేటు చూపించాల్సిన ప్రీసెట్ (కెమెరా ఎటు చూడాలో ముందే పెట్టుకున్న గుర్తు) పక్క గోడ చూపిస్తోంది. బ్రాకెట్ ఒక వేలెడు పక్కకి మెలి తిరిగింది. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. ఉప్పు గాలికి మా వైపు ఇనుము ఎక్కువ కాలం నిలవదు. స్టీలు బోల్టులు వేయించి ప్రీసెట్లన్నీ మళ్లీ పెట్టుకున్నాను.

కొనొచ్చా అని అడిగితే, నా మట్టుకు మళ్లీ కొంటాను. వెనక అంత ఖాళీ స్థలం ఉంది, ఇల్లు వేరే ఊళ్లో ఉంది, తెల్లవారుజామున లోడు వస్తుంది. ఈ మూడూ లేని వాళ్లకి, రోడ్డు మీద ఒక షట్టరు కొట్టున్న వాళ్లకి రెండు మామూలు కెమెరాలు సరిపోతాయేమో. ఎవరు బిగించినా తీగ గోడెక్కకముందే ఒక ముక్క కోసి బ్లేడుతో గీకి చూడండి. కేబుల్ కట్ట రేటులో నాకు మూడు రెట్ల దాకా తేడా వచ్చింది, అయినా ఆ రెండు మోటార్ల ఖరీదుతో పోలిస్తే తక్కువే.

ముందు కెమెరాకి ఇప్పటికీ పాత తీగే ఉంది. దూరం 20 మీటర్లే కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టలేదు. మొన్న వానకి మాత్రం ఒక సాయంత్రం తల గిర్రున తిరిగి వచ్చి నిలబడింది. బాబాయ్‌కి ఫోన్ చేశాను, ఆదివారం వస్తానన్నాడు.