పాంక్రియాటైటిస్ తగ్గిన కుక్కకి పెరుగన్నమా, చికెన్ అన్నమా?

సంక్రాంతికి మా జిమ్మీ అరిసెల డబ్బా ఖాళీ చేసింది. కనుమ నాడు మటన్ కొవ్వు ముక్కలూ తింది. దాంతో పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి మూడు రోజులు సెలైన్ మీదే ఉంది. ఈ సంగతి బ్రాడీపేటలో మా వీధంతా తెలిసింది. అప్పట్నుంచి కుక్కలున్నవాళ్ళు అడిగేది ఒకటే: ఇంటికి తెచ్చాక ఏం పెట్టారు?

"పెరుగన్నం పెట్టమ్మా, కడుపుకి చలవ" అన్నారు మా అత్తయ్య. ఒంట్లో బాగోకపోతే మనమూ అదే తింటాం. కానీ క్లోమం వాచినప్పుడు చూసుకోవాల్సింది చలవా వేడీ కాదు, కొవ్వు. మన ఇళ్ళలో తోడుపెట్టేది గేదె పాలు. 100 గ్రాముల్లో 6, 7 గ్రాముల కొవ్వుంటుంది. పెరుగూ అన్నమూ సమంగా కలిపితే 1000 కేలరీలకి సుమారు 30 గ్రాముల కొవ్వు పడుతుంది. మా డాక్టరుగారు 20 దాటనివ్వొద్దన్నారు. మీగడ తీసినా లోపల కొంత మిగిలే ఉంటుంది. డబుల్ టోన్డ్ పాల పెరుగైతే ఫరవాలేదు గానీ ప్రొటీన్ చాలదు.

అందుకే నేను చికెన్ వైపు మొగ్గాను. కొట్లో స్కిన్‌లెస్ అని గట్టిగా చెప్పి, బ్రెస్ట్ ముక్కే తీసుకోండి. లెగ్ పీసులో కొవ్వెక్కువ. నూనె, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉడికించి, ఆ నీళ్ళు చల్లారాక పైన పేరుకున్న కొవ్వు తీసేయాలి. ఒక వంతు చికెన్‌కి రెండు వంతులు మెత్తటి అన్నం. ఇలా కలిపితే 1000 కేలరీలకి కొవ్వు 10 గ్రాముల దగ్గరే ఉంటుంది. వాంతులు ఆగాక రోజుకి ఐదుసార్లు, రెండేసి చెంచాలతో మొదలుపెట్టాం. రోజుల తరబడి పస్తుంచడం పాత పద్ధతి. వాంతులు అదుపులోకి వస్తే త్వరగా కొంచెం కొంచెం పెట్టమనే ఇప్పుడు చెబుతున్నారు.

అయితే నెలల తరబడి ఇదే పెట్టకూడదు, కాల్షియం చాలదు. మూడు వారాలయ్యాక డాక్టరు రాసిచ్చిన తక్కువ కొవ్వు ప్యాకెట్ మేతకి మెల్లగా మార్చాం. పోషకాల లెక్కలో అదే మేలు, ఖరీదు మాత్రం ఎక్కువ. పెద్ద కుక్క ఉన్నవాళ్ళకి నిజంగా భారమే.

గుడ్డు పెట్టాలంటే తెల్లసొన చాలు. ఇడ్లీ ఒట్టిదైతే సరే, నెయ్యి తగలనివ్వకండి.

ఇప్పుడు చికెన్ తోలు వలిచేది అత్తయ్యే. అరిసెల డబ్బా అటక మీదకి ఎక్కించిందీ ఆవిడే.