లిజనింగ్ సాకెట్‌ను విడగొట్టాలంటే ఏ దారి మేలు?

సాకెట్ అంటే ప్రోగ్రామ్‌కు నెట్‌వర్క్ కనెక్షన్ తాలూకు కొస. మామూలు సాకెట్ డేటా మోస్తుంది, లిజనింగ్ సాకెట్ కొత్త కనెక్షన్ల కోసం ఎదురుచూస్తుంది. పోయిన వారం కర్నూలులో మా సాయంత్రం క్లాసులో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సాకెట్ కోడ్ చదువుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "సార్, లిజనింగ్ సాకెట్‌లో డేటా రాదు, పోదు కదా. మరి దానికి డేటా కాసేపు ఆగే చోట్లు, సెండ్ బఫర్, రిసీవ్ బఫర్ ఎందుకు?"

చాలా మంచి ప్రశ్న. మన మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల బండ్లకు గేటు దగ్గర చీటీ రాసే మనిషికి రెండు కాటాలు ఇచ్చి కూర్చోబెట్టినట్టు ఉంటుంది ఇది. బండ్లను వరుసలో పెట్టి లోపలికి పంపడమే అతని పని. తూకం వేసేవాళ్లు వేరే.

1983లో 4.2 బీఎస్‌డీ అనే యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన సాకెట్ డిజైన్‌లో కనెక్షన్లు అందుకోవడం, డేటా మోయడం అనే ఈ రెండు పనులకూ ఒకటే స్ట్రక్చర్ (మెమరీలో సాకెట్ వివరాలన్నీ ఒకచోట ఉండే పట్టిక). మొదటి దారి, దాన్ని అలాగే వదిలేయొచ్చు. పనిచేస్తున్న కోడ్ కాబట్టి కొత్తగా చెడేదీ ఉండదు. కానీ ఆ పట్టికలో ఏ ఫీల్డ్ (గడి) ఎప్పుడు చెల్లుతుందో ఎక్కడా రాసి ఉండదు, చదివేవాడే గుర్తుపెట్టుకోవాలి. బీఎస్‌డీ నుంచి వచ్చిన ఫ్రీబీఎస్‌డీలో అయితే అన్ని లిజనింగ్ సాకెట్ల క్యూలకూ (వచ్చిన కనెక్షన్ల వరుసలకూ) కలిపి ఒకే యాక్సెప్ట్ లాక్, అంటే ఒకసారికి ఒకరినే వదిలే తాళం, ఉండేది. వెబ్ సర్వర్‌కు వచ్చిన కనెక్షన్, మెయిల్ సర్వర్‌కు వచ్చిన కనెక్షన్ అదే లాక్ కోసం ఆగాల్సి వచ్చేది.

పిల్లలకు ముందుగా తోచేది రెండో దారి: లిజనింగ్ సాకెట్‌కు పూర్తిగా వేరే స్ట్రక్చర్ రాసేయడం. కాగితం మీద ఇదే శుభ్రంగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, సాకెట్ పుట్టినప్పుడు అది ఏమవుతుందో కెర్నల్‌కు తెలియదు. ప్రోగ్రామ్ లిజన్ అనే కాల్ పిలిచాకే తెలుస్తుంది. ఆలోపే ఫైల్ డిస్క్రిప్టర్ (ప్రోగ్రామ్ సాకెట్‌ను పట్టుకునే పిడి), టీసీపీ కంట్రోల్ బ్లాక్ (కనెక్షన్ స్థితి రాసుకునే చోటు) దాని మెమరీ అడ్రస్ పట్టుకుని ఉంటాయి. వాటన్నిటినీ వెతికి, లాక్‌లు పట్టి కొత్త అడ్రస్ పెట్టాలి. ఒక్కటి మిగిలినా కెర్నల్ పడిపోతుంది. ఈ దారి నేను ఎవరికీ చెప్పను.

మూడోది 2017లో ఫ్రీబీఎస్‌డీ పట్టిన దారి. అడ్రస్ మారదు, లోపల మాత్రం యూనియన్ (ఒకే మెమరీ చోటును రెండు రకాలుగా వాడుకునే ఏర్పాటు) ఉంటుంది. మామూలు సాకెట్ అయితే ఆ చోట రెండు బఫర్లు, లిజనింగ్ అయితే అదే చోట క్యూలు. ఒక్కో లిజనింగ్ సాకెట్ క్యూకు దాని సొంత లాకే కాపలా. ఆ ఉమ్మడి యాక్సెప్ట్ లాక్ పోయింది. 2018 డిసెంబరులో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 12.0లో ఈ మార్పు ఉంది. నా ఓటు దీనికే.

అయితే తేలిక పని అనుకోవద్దు. లిజన్ పిలవకముందే ప్రోగ్రామ్ రిసీవ్ బఫర్ సైజు పెంచి ఉండొచ్చు. ఆ సైజు తర్వాత యాక్సెప్ట్ అయ్యే ప్రతి సాకెట్‌కూ రావాలి. యూనియన్‌లో బఫర్ చెరిగిపోతుంది గనుక ఆ అంకెలను ముందే పక్కన దాచుకోవాలి. మేము నేర్చుకోవడానికి రాసుకున్న కోడ్‌లో ఇదే మరిచిపోయాం. ఎర్రర్ ఏదీ రాలేదు, కొత్త కనెక్షన్లన్నీ డిఫాల్ట్ సైజుతో పుట్టాయి. కారణం దొరకడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

లాక్‌లు పట్టే వరుస ఇంకో ముల్లు. లిజనింగ్ సాకెట్ (తల్లి) లాక్ ముందు, దానికి వచ్చిన కనెక్షన్ కోసం పుట్టిన పిల్ల సాకెట్ లాక్ తర్వాత. క్యూలో ఉండగానే పిల్ల తెగిపోతే దాని చేతిలో సొంత లాక్ ఉంటుంది, కావాల్సింది తల్లి లాక్. అప్పుడు తల్లి మధ్యలో మాయం కాకుండా దానికి ఒక రిఫరెన్స్ పట్టి, తన లాక్ వదిలి, వరుస ప్రకారం రెండూ పట్టి, తాను ఇంకా క్యూలోనే ఉన్నానా అని మళ్లీ చూసుకోవాలి. ఆ చివరి చూపు మానేస్తే బగ్ నెలకోసారి మాత్రమే కనిపించి ప్రాణం తీస్తుంది.

అందుకే అంతా ఒకే ప్యాచ్‌లో (ఒకే కోడ్ మార్పులో) కుక్కవద్దు. బైసెక్ట్ చేస్తే, అంటే మార్పులను సగానికి సగం కోసుకుంటూ వెతికితే, తప్పు ఏ అడుగులో వచ్చిందో తేలాలి. సెలెక్ట్, పోల్ అనే కాల్స్‌తో సాకెట్ సిద్ధమయ్యేదాకా ఎదురుచూసేవాళ్ల జాబితా బఫర్ లోపల ఉంటే, బఫర్‌తో పాటే అదీ చెరిగిపోతుంది. ముందు దాన్ని బయటికి, సాకెట్‌లోకి తేవాలి. యూనియన్ జోలికి ఆ తర్వాతే. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ మొదటి ప్యాచ్ మీదే ఉంది.