ఉత్తరం చదివి ఆ తివాచీలు కొనకండి

చేత్తో ముడులు వేసి నేసినవంటూ, నేసిన తల్లీకూతుళ్ల కథను ఉత్తరంగా జతచేసి అమ్ముతున్న ఆ తివాచీలను మీలో చాలామంది చూసే ఉంటారు. దయచేసి కొనకండి. నా డబ్బు వెనక్కి ఇవ్వబోమని నిన్ననే తేల్చి చెప్పేశారు.

దులపడానికి తిరగేస్తే ఒక మూల వెనకగుడ్డ ఊడి వచ్చింది. దాని కింద ఎండిపోయిన రబ్బరు జిగురు పెచ్చులుగా లేచి, నేలంతా తెల్లటి పొడి రాలింది. ముడుల తివాచీకి జిగురుతో పనే లేదు. ఒక్కో ముడినీ పడుగు పోగులకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలకు చుట్టి, వరుస వరుసకూ పేకతో, అంటే అడ్డంగా దూర్చే దారంతో బిగిస్తారు కనుక నూలు దానంతటదే నిలుస్తుంది. నాకు అంటగట్టింది మాత్రం చేతియంత్రపు సూదితో గుడ్డలోకి ఉన్నిని గుచ్చి, ఊడకుండా జిగురు పూసి, ఆ జిగురు కనబడకుండా మరో గుడ్డ అంటించిన సరుకు. పడుగు పోగుల కొసలే కావలసిన కుచ్చులను కూడా విడిగా తెచ్చి అంచున కుట్టారు.

ఫోన్ చేసి అడిగితే, "యంత్రాన్ని పట్టుకున్నది మనిషి చెయ్యే కదండీ" అన్నారు. మరి నెలల తరబడి మగ్గం ముందు కూర్చున్న ఆ తల్లీకూతుళ్ల మాటేమిటని నిలదీస్తే, "మీరు కొన్నది తివాచీని, ఉత్తరాన్ని కాదు. అది అందరికీ పెట్టేదే" అని, నేనింకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశారు. తల్లికి చూపు మందగించాక రంగుల వరుసను కూతురు పైకి చదివి చెప్పేదని రాసి ఉన్న ఆ కాగితాన్ని ఇంటికి వచ్చినవారందరికీ చదివి వినిపించాను. లేని మనుషుల కష్టాన్ని కల్పించి, నిజంగా ఆ కష్టం పడేవారికి దక్కవలసిన వెలను వీరు కాజేస్తున్నారు. గుచ్చి చేసినదాన్ని గుచ్చి చేసినదనే చెప్పి, దానికి తగ్గ ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఎవరి దగ్గర కొన్నా ముందు వెనకవైపు ఫొటో అడగండి. ముడులు వేసినదైతే నమూనా వెనక కూడా స్పష్టంగా కనిపిస్తుంది. గుడ్డ అంటించి ఉంటే దాని కింద ఏముందో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. అదే ఉత్తరం మీకూ వచ్చి ఉంటే పారేయకండి, ఫిర్యాదుకు అది సాక్ష్యంగా పనికొస్తుంది.