ఒడిశా అడ్రసు, ఆంధ్రా ఆసుపత్రి: ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరేళ్లు వాడాక

పర్లాకిమిడి అడ్రసు మీద నడుస్తున్న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ గురించి, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే ఆరోగ్య బీమా గురించి ఈ సమీక్ష. కంపెనీ పేరు రాయడం లేదు. ఆరేళ్లలో తేలినదేమిటంటే, డబ్బు ఆగేది కంపెనీ గుణం వల్ల కన్నా మనం చూసుకోని కాగితం వల్లే ఎక్కువ. పైగా మన వైపు వాళ్లకి ఇంకో చిక్కుంది. ఇల్లు ఒడిశాలో, జబ్బు ముదిరితే పరుగు శ్రీకాకుళానికో విశాఖకో. బరంపురం వెళ్లేవాళ్లూ ఉన్నారు గానీ భాష కోసం, బంధువుల కోసం ఎక్కువమంది ఆంధ్రా వైపే వస్తారు.

ముందు గది అద్దె సంగతి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాలసీలో రోజుకి బీమా మొత్తంలో 1 శాతం అని ఉంటే, 5 లక్షలకి 5,000 రూపాయల గది వరకే అర్హత. 8,000 గదిలో నాలుగు రోజులుంటే రోజుకి 3,000 చొప్పున 12,000 మన చేతివి పడతాయిలే అనుకుంటాం. లెక్క అలా ఉండదు. గది 32,000, డాక్టరు ఫీజులు, థియేటరు కలిపి 80,000, మందులు, పరీక్షలు 40,000 అనుకోండి. గదికి ఇచ్చేది 20,000. డాక్టరు, థియేటరు ఖర్చుకి కూడా ఎనిమిదిలో ఐదు వంతులే, అంటే 50,000. మందులు, పరీక్షలు, లోపల అమర్చే పరికరాల మీద ఈ కోత ఉండదు కాబట్టి 40,000 పూర్తిగా వస్తుంది. 1,52,000 బిల్లులో 42,000 మన నెత్తిన. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అయితే ఈ దామాషా కోత వేయకూడదు. అందుకే చేరేటప్పుడే ఆసుపత్రిలోని టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్కులో రెండు ప్రశ్నలు అడగాలి: నా అర్హత గది ఎంత, పెద్ద గది తీసుకుంటే మిగతా రేట్లు మారతాయా. అర్హత గది ఖాళీ లేదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

రెండోది కేస్ షీటు మొదటి పేజీ. క్యాజువాలిటీలో "బీపీ ఎన్నాళ్లుగా?" అని అడుగుతారు. పక్కనున్న బావమరిది "చాలా ఏళ్లండీ" అంటాడు. అది కాగితం మీద "పదేళ్లుగా" అయి కూర్చుంటుంది. పాలసీ తీసుకుని ఆరేళ్లే. ఇక ముందునుంచే ఉన్న జబ్బు దాచారని ఉత్తరం వస్తుంది. 60 నెలలు తెగకుండా కట్టుంటే మోసం నిరూపిస్తే తప్ప ఆ కారణంతో కొట్టేయకూడదన్న నిబంధన 2024 నుంచి ఉంది, అయినా ఆ ఉత్తరంతో నెలలు నలుగుతాం. మొదటిసారి బీపీ మాత్ర రాసిన చీటీ ఫోనులో ఫొటో పెట్టుకుని, తేదీ చూసి చెప్పండి. తప్పు పడితే డిశ్చార్జికి ముందే డాక్టరుతో దిద్దించి సంతకం వేయించాలి. ఇంటికొచ్చాక దిద్దినది ఎవరూ నమ్మరు.

పేరు గొడవ కూడా మన దగ్గరే ఎక్కువ. ఒడిశా ఆధార్‌లో ఇంటిపేరు చివర, ఆంధ్రా ఆసుపత్రి రిజిస్టరులో ముందు, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరం. రీయింబర్స్‌మెంట్‌లో (ముందు మనం కట్టి, తర్వాత కంపెనీ నుంచి తీసుకునే పద్ధతి) దీనికి ఎన్నిసార్లు ప్రశ్న వేస్తారో చెప్పలేం. చేరేటప్పుడు పేరు నోటితో చెప్పకండి, ఆధార్ చేతిలో పెట్టండి.

మన్యం జ్వరాల సంగతి వేరే చెప్పాలి. గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా కొత్త కాదు. రక్త పరీక్షలో తేలి, సెలైన్ ద్వారా మందు ఎక్కితే క్లెయిము నిలబడుతుంది. "జ్వరం, పరిశీలన కోసం" అని చేర్చుకుని మాత్రలిచ్చి పంపితే కొట్టేస్తారు, ఎందుకంటే కేవలం పరీక్షల కోసం చేరడం మినహాయింపుల్లో ఉంది. ల్యాబ్ రిపోర్టు, మందుల చార్టు నకలు తప్పకుండా తీసుకోవాలి. చేరక ముందు 30 రోజుల, తర్వాత 60 రోజుల మందుల ఖర్చు ఈ పాలసీలో వస్తుంది గానీ ప్రతి బిల్లుకీ దాని చీటీ జత కావాలి. చీటీ లేని మెడికల్ షాపు బిల్లు చిత్తుకాగితమే.

క్యాష్‌లెస్, అంటే ఆసుపత్రికి కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి, బాగా మెరుగుపడింది. అడిగిన గంటలో అనుమతి, డిశ్చార్జికి మూడు గంటల్లో తుది జవాబు రావాలన్నది నియమం. నెట్‌వర్కులో (కంపెనీతో ఒప్పందం ఉన్న జాబితాలో) లేని ఆసుపత్రికైనా 2024 జనవరి నుంచి అడగొచ్చు: ముందే అనుకున్న ఆపరేషనైతే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లో చెప్పాలి. కంపెనీతో ఒప్పుకోవాల్సింది మాత్రం ఆ ఆసుపత్రే. చిన్న నర్సింగ్ హోములు తల అడ్డంగా ఊపుతాయి.

ఉచిత వార్షిక పరీక్షలు ఈ పాలసీలో అన్నిటికన్నా తక్కువగా వాడేది, నా లెక్కన అన్నిటికన్నా విలువైనది. ప్రతి పాలసీ సంవత్సరానికి ఒకసారి, వాడకపోతే పోయినట్టే. ఇంటికొచ్చి రక్తం తీసుకునే సేవకి మన పిన్‌కోడ్ కొడితే లేదంటుంది. విశాఖ పని మీద వెళ్లే రోజుకి అక్కడి ల్యాబ్ బుక్ చేసుకోవడమే దారి. ముందురోజు రాత్రి భోజనం తర్వాత 10 గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. బస్టాండులో టీ తాగి వెళ్తే ఆ ఫాస్టింగ్ షుగరుకి అర్థం లేదు. హెచ్‌బీఏ1సీ జాబితాలో లేకపోతే చేతి డబ్బు పెట్టి కలపండి, అది మూడు నెలల షుగరు చెబుతుంది. దానికి ఉపవాసంతో పని లేదు.

ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పోయింది. ఆ మిగిలినదానితో బీమా మొత్తం పెంచుకోవడం మంచిది. గడువు దాటనీయకండి: తర్వాత 30 రోజులు కట్టే వీలుంది గానీ ఏడాదికోసారి కట్టేవాళ్లకి ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకి కవరు ఉండదు. ఇంట్లో 70 దాటినవాళ్లుంటే ఈ పాలసీ ఉన్నా కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి, ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం. మహేంద్రతనయ అవతల పాతపట్నం బంధువులకి ఉన్న ఎన్టీఆర్ వైద్య సేవ మాత్రం మనకి రాదు, అది ఆంధ్రా వాసులకే.

క్లెయిము అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు, ఫీజు లేదు. వైద్యం విశాఖలో జరిగిందని కొందరు ఫిర్యాదు హైదరాబాదు ఆఫీసుకి పంపుతున్నారు. ఒడిశా అడ్రసు వాళ్లది భువనేశ్వర్ ఆఫీసు.