తాళం గుర్తు మీద ఇష్టం, బూడిద రంగు మీద కోపం

నా కథల సైటుకు రంగులు వెతుక్కోవడానికి ఉచిత పాలెట్ జనరేటర్లు వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఒకదానికొకటి నప్పే ఐదు రంగుల్ని ఒక పట్టీగా పేర్చి చూపించే సైట్లవి. నన్ను వాటికి కట్టిపడేసింది మాత్రం ఆ చిన్న తాళం గుర్తు. నచ్చిన రంగుకు తాళం వేసి స్పేస్‌బార్ నొక్కుతూ పోతే, అది అలాగే ఉండి పక్కనున్న నాలుగూ మారిపోతుంటాయి. మొదటి రోజు ముదురు నెమలి నీలానికి తాళం వేసి కూర్చుంటే అర్ధరాత్రి దాటిందని తెలియనేలేదు. రంగుల గురించి ఓనమాలు రానివాణ్ణి, నాకు అంత ధైర్యమిచ్చింది ఆ తాళమే.

చివరికి కుదిరిన పట్టీలో నెమలి నీలం, పసుపు, ఇటుక రంగు, తెలుపు, ఒక మెత్తటి బూడిద. వెబ్ పేజీలో రంగును చెప్పే కోడ్ ఉంటుంది, ఆ బూడిదది #999999. ఐదూ పక్కపక్కన నిలబడితే చూపు తిప్పుకోలేకపోయాను. కథల అక్షరాలకు ఆ బూడిదే పెట్టాను, వెనక తెలుపు. నల్లటి అక్షరాలు కంటికి కటువుగా ఉంటాయని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి.

నెల తిరక్కుండానే నాన్న ఆరుబయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో నా కథ తెరిచారు. రెండు పేరాలయ్యాక ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని, "ఏంట్రా, అక్షరాలు ఇలా వెలిసిపోయాయి?" అన్నారు. స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి ఇచ్చాను. "తెలుపు ఇంకా మెరుస్తోంది గానీ అక్షరం తేలట్లేదు" అని ఫోన్ నా చేతిలో పెట్టేశారు. కథ సగంలోనే ఆగిపోయింది. అది నన్ను చాలా బాధపెట్టింది.

ఆ రాత్రే వెబ్‌ఎయిమ్ అనే సంస్థ వాళ్ల, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడాను కొలిచే కాంట్రాస్ట్ చెకర్‌లో నా రెండు రంగులూ వేసి చూశాను. 2.85:1 అని వచ్చింది. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1. అంటే నా బూడిద శీర్షికలకు కూడా పనికిరాదు. కొంచెం కొంచెంగా ముదురు చేస్తూ వెళ్లాను. #777777 దగ్గర 4.48, వెంట్రుకవాసిలో తప్పింది. #767676 దగ్గర 4.54, గట్టెక్కింది. ఆ రెండు బూడిదల్నీ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా నాకు తేడా కనిపించలేదు. అందుకే అంచు మీద ఆగకుండా 7:1 ఇచ్చే #595959 దాకా వెళ్లాను.

జనరేటర్ మీద అసలు కోపం ఆ తర్వాతే వచ్చింది. నేను వాడినదాంట్లో వెలుతురు స్లైడర్ హెచ్‌ఎస్‌ఎల్ (రంగు, దాని గాఢత, వెలుతురు అనే మూడు అంకెలతో రంగును చెప్పే పద్ధతి) లెక్కతో నడిచేది. ఆ లెక్కలో అచ్చమైన పసుపూ, అచ్చమైన నీలమూ రెండిటి వెలుతురూ 50 శాతమే. కానీ తెలుపు మీద ఆ పసుపు కాంట్రాస్ట్ 1.07:1, నీలం 8.59:1. మన కంటికి ఆకుపచ్చ, ఎరుపు కాంతులు నీలం కన్నా చాలా ఎక్కువ వెలుగుగా అనిపిస్తాయి, పసుపులో ఉండేవి ఆ రెండే. స్లైడర్ అంకె చూసి రెండూ సమానమనుకున్నవాణ్ణి నేను.

తాళం మీద ఇష్టం పోలేదు గానీ, దానివల్లే రంగుల్ని పేజీలో కాకుండా పట్టీలో చూసే ఎంచుకునే చెడ్డ అలవాటు నాకు పట్టుకుంది. పట్టీలో ఐదు రంగులూ ఒకే వెడల్పు. పేజీలో తెలుపే ఎక్కువ భాగం ఆక్రమిస్తుంది, ఇటుక రంగు ఒకట్రెండు బటన్లకు మించదు. పట్టీలో ముద్దొచ్చిన ఇటుకను పైభాగమంతా పులిమితే పేజీ మోయలేనంత బరువెక్కింది. ఇప్పుడు జనరేటర్లో ఒక్క రంగే తీసుకుంటాను, మిగతావి పేజీలోనే పెట్టి చూసుకుంటాను. అడోబీ కలర్‌లో కాంట్రాస్ట్ పరీక్షతోపాటు వర్ణాంధత ఉన్నవారికి ఈ రంగులు ఎలా కనిపిస్తాయో చూపించే పరికరమూ ఉంది. అవి నాకు ఆలస్యంగా తెలిశాయి, వాటికి మాత్రం నిండు మార్కులు.

నాది అక్షరాలతో నిండిన సైటు, చదివేవాళ్లలో పెద్దవయసువాళ్లే ఎక్కువ. ఫొటోలతో నడిచే సైటయితే మొదటి పట్టీతోనే మీ పని అయిపోవచ్చు, నేను చెప్పలేను. నాన్న ఇప్పుడు కథలు చివరిదాకా చదువుతున్నారు. పోయిన వారం మాత్రం, పసుపు బటన్ మీది తెల్ల అక్షరాలు కనపడట్లేదన్నారు. దాన్ని ఇంకా మార్చాలి.