అనేక్ తెలుగు ఎక్స్‌ట్రా బోల్డ్: ఫ్లెక్సీల మీద ఇన్నేళ్లు వాడాక

హన్మకొండలో మాది చిన్న డీటీపీ, ఫ్లెక్సీ షాపు. లగ్గం, బర్త్‌డే, షాపు ఓపెనింగ్, రెండేళ్లకోసారి మేడారం జాతర. పని ఏదైనా వచ్చినవాళ్లు చెప్పేది ఒకటే: "అన్నా, పేరు దూరంకెళ్లి కనబడాలె." ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు ఫాంటు 2022లో గూగుల్ ఫాంట్స్‌లోకి వచ్చింది. ఉచితమే కదా అని దించుకున్నాను. హెడ్డింగులకు ఇప్పటికీ అదే వాడుతున్నాను.

దీనికి నేను పడిపోయింది వెడల్పు దగ్గర. మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా మనమే జరుపుకోవచ్చు. మునుపు పొడుగు పేరొస్తే అక్షరాలను మౌస్‌తో పట్టి నొక్కేవాళ్లం. నిలువు గీతలు సన్నబడేవి, అడ్డం గీతలు లావుగానే ఉండేవి, పేరంతా నలిగినట్టు కనిపించేది. ఇందులో వెడల్పు తగ్గించినా మందం చెడదు. రామభద్ర ఫాంటు కూడా లావుదే, నాకిష్టమే, కానీ దానికి ఒక్కటే మందం. పేరు పట్టకపోతే సైజు తగ్గించుకోవాల్సిందే.

ఇక తిప్పలు. మన లిపిలో ప, వ మధ్య తేడా చిన్న సందే. ఎక్స్‌ట్రా బోల్డ్ అంటే 800 మందంలో ఆ సందు ఎలాగూ ఇరుకు. దానిమీద నేను తెల్ల స్ట్రోక్, అంటే అక్షరం చుట్టూ అంచు గీత, కూడా వేశాను. పది అడుగుల ఫ్లెక్సీ మీద 'పెళ్లి' కాస్తా 'వెళ్లి' అయి కూర్చుంది. పెళ్లికొడుకు మేనమామ చూసి నవ్వాడు కాబట్టి బతికిపోయాను. మళ్లీ ప్రింటు ఖర్చు నాదే. 'థ' కడుపులో చుక్కకూ ఇదే గండం. అందుకే స్ట్రోక్ వేసేటప్పుడు మందం 700కు దించుతాను.

ఒత్తుల సంగతీ చూసుకోవాలి. పై లైనులో 'సమ్మక్క', కింది లైనులో 'శ్రీ' వస్తే క ఒత్తు వచ్చి గుడిదీర్ఘం మీద కూర్చుంటుంది. అక్షరం 100 పాయింట్లయితే లైన్ల మధ్య 140 ఇస్తాను. ఇంగ్లిష్ లెక్కన 120 ఇస్తే చాలదు.

యూనికోడ్ కావడంతో వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను నేరుగా పేస్ట్ చేసుకోవచ్చు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లకైతే కన్వర్ట్ చేయాలి, లేదా మళ్లీ కొట్టాలి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంటును తిట్టకండి. పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజిన్‌ను భారతీయ భాషలకు మార్చాలి. ఇది తెలియక మొదటి వారం ఊరికే టెన్షన్ పడ్డాను. పాత పేజ్‌మేకర్‌లో మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

శుభలేఖ లోపలి మ్యాటర్‌కు ఈ ఎక్స్‌ట్రా బోల్డ్ వాడను. అంత చిన్న సైజులో సందులన్నీ సిరాతో పూడిపోతాయి. పైన జంట పేర్లకు ఇదే ఫాంటు వాడతాను, అదీ మందం 600 దాటకుండా.