ఎర్రమట్టి దిబ్బల్లో నడక: లోయ అడుగునా, గట్టు మీదా?

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూపుకి ఎడారిలా ఉన్నా ఎడారి కావు. ఇనుప ఆక్సైడు పూతతో ఎర్రబడ్డ ఇసుకను ఏళ్ల తరబడి వానలు కోసిన లోయలివి. భారత భూవిజ్ఞాన సర్వే (జీఎస్ఐ) వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడ గంటన్నర నడవడానికి రెండు దార్లు: లోయ అడుగున ఇసుకలో, లేదా పైన గట్టు మీద.

గట్టు మీద సముద్రపు గాలి తగులుతుంది, దిక్కు తెలుస్తుంది. ఫొటోల కోసం జనం ఎగబడేదీ అక్కడికే. చిక్కంతా అంచు దగ్గర. పైకి గట్టిగా కనిపించే పెచ్చు కింద వాననీరు ఇసుకను తొలిచేసి ఉంటుంది, పైనున్నవాళ్లకి ఆ డొల్ల కనబడదు. బరువు పడితే పెచ్చుతో సహా జారిపోతాం. అంచుకి మూడు మీటర్ల ఎడంగా, ముందే నలిగిన కాలిబాట మీదే నడవాలి. కొత్తగా తొక్కిన చోటల్లా వచ్చే వానకి కొత్త కోత పడుతుంది.

లోయలో పొద్దున్నా సాయంత్రం ఏదో ఒక గోడ నీడ దొరుకుతుంది. గాలి మాత్రం ఆడదు. అసలైన ఎడారిలో చెమట పట్టగానే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. మన తీరపు ఉక్కలో అది కారిపోతుందే తప్ప ఆరదు. అందుకే మనిషికి లీటరు నీళ్లు, ఎండాకాలమైతే లీటరున్నర, ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా ఉండాలి. దాహం వేసేదాకా ఆగొద్దు, పావుగంటకోసారి గుక్కెడు తాగండి.

దారి తప్పేదీ ఇక్కడే. పాయలన్నీ ఒక్కలాగే ఉంటాయి. లోపలికి దిగేముందే ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి పెట్టుకోండి. చీలిక వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి, తిరుగు దారిలో కళ్లకి ఎదురయ్యేది ఆ రూపమే.

చెప్పులకంటే బూట్లు మేలు. ముళ్లు దిగవు. జాలీ బూట్లలోకి మాత్రం సన్నిసుక దూరి బొబ్బలెక్కిస్తుంది. తెల్ల బట్టలు వేసుకుంటే ఆ ఎరుపు ఓ పట్టాన వదలదు.

మా ఓటు లోయకే, అదీ పొద్దున్నే. మే నెలలో అయిదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది, ఎనిమిదికల్లా బయటపడొచ్చు. సాయంత్రం రంగు బాగుంటుంది గానీ డిసెంబరులో అయిదున్నరకే చీకటి కమ్ముతుంది, పాయలు గుర్తుపట్టలేం. వాన పడుతున్నా, పడి రెండు రోజులు కాకపోయినా లోయలోకి దిగొద్దు: నానిన గోడలు చప్పుడు లేకుండా విరిగిపడతాయి. ఆ రోజుల్లో అంచూ నమ్మదగింది కాదు, దూరంగా ఉన్న కాలిబాటతో సరిపెట్టుకోవాల్సిందే.